గాలిమోటరుకు కంపెనీ ఒప్పుకోవాలి, కైకిలోళ్లను అడగనక్కర లేదా?

వరంగల్ పక్కన మామునూరులో పాత విమానాశ్రయం ఉంది. నిజాం కాలంలో, 1930లో కట్టింది. 1981లో మూతపడింది. దాన్ని బాగుచేసి, టెర్మినల్ కట్టి, మళ్లీ విమానాలు దించాలని ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నారు. చివరకు 2025 ఫిబ్రవరి 28న కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఆనాటి నుంచి వరంగల్‌లో ఏ హోటల్లో కూర్చున్నా ఇదే ముచ్చట. మేము పట్నంలోనూ తిరిగాం, పొలం గట్ల మీదా తిరిగాం. విన్నది రాస్తున్నాం.

పట్నంలో ఎక్కువమంది సంతోషంగానే ఉన్నారు. గాలిమోటరు వస్తే బట్టల పార్కుకు కంపెనీలు వస్తాయని, రామప్ప గుడి చూడటానికి విదేశీయులు దిగుతారని, పిల్లలకు కొలువులు దొరుకుతాయని వ్యాపారులూ, చదువుకున్న యువకులూ చెప్పారు. ఈ ఆశను మేము ఎగతాళి చేయం. కొలువు లేని పిల్లవాడు ఇంట్లో ఉంటే ఆ బాధ ఏమిటో మాకు తెలుసు.

విమానాశ్రయ ప్రాధికార సంస్థ చేతిలో ఇప్పటికే 696 ఎకరాలున్నాయి. రన్‌వే పొడవు పెంచాలంటే ఇంకో 253 ఎకరాలు కావాలన్నారు. అది నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడిపల్లి రైతుల భూమి. 2025 మార్చిలో అక్కడి రైతులు సర్వేకు అడ్డం నిలబడ్డారు. గాలిమోటరు వద్దని వాళ్లు అనలేదు. మార్కెట్ ధర కట్టివ్వండి, రన్‌వే కింద పోయే దారికి బదులు దారి చూపండి అన్నారు. ఇందులో న్యాయం ఉంది. పట్నం పక్క భూమి పోతే, ఆ డబ్బుతో మళ్లీ ఎకరం కొనగలమా అన్నది చిన్న రైతు ప్రశ్న.

పట్టా ఉన్నవాడు కనీసం గొంతెత్తాడు. మరి పట్టా లేనివాడి సంగతేమిటి?

మిరప చేను గట్టు మీద కైకిలి ఆడవాళ్లు అన్నం మూటలు విప్పుకొని కూర్చున్నప్పుడు వాళ్ల అభిప్రాయం అడిగాం. మమ్మల్ని చూసి నవ్వారు. "మమ్ముల ఎవరడిగిన్రు బిడ్డా? భూమి పోతే పటేలుకు పైసలొస్తయ్. మాకు కైకిలి పోతది, ఇంకేమొస్తది?" అన్నది ఒక పెద్దమ్మ. మిరప చేను ఒక్కసారితో అయ్యే పని కాదు. నాటు, కలుపు, ఆ తర్వాత మూడు నాలుగు దఫాలు కాయ ఏరుడు. ఆ చేను లేకపోతే అన్ని రోజుల కైకిలీ లేనట్టే. పక్కనే ఉన్న కౌలు రైతు మాట కలిపాడు: "పెట్టుబడి నాది, అప్పు నాది. పాస్‌బుక్కు మాత్రం నాది కాదన్నా." నష్టపరిహారం పాస్‌బుక్కు చూసి నడుస్తుంది. అప్పు మాత్రం కౌలుదారు వెంట నడుస్తుంది.

ఇక్కడ కార్మిక సోదరులు ఒక సంగతి గమనించాలి. 2004లో శంషాబాద్ విమానాశ్రయం కోసం ప్రైవేటు కంపెనీతో కేంద్రం ఒప్పందం రాసుకుంది. 150 కిలోమీటర్ల లోపల మరో విమానాశ్రయాన్ని 25 ఏళ్ల పాటు పైకి తీసుకురాకూడదన్నది అందులో ఒక షరతు. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచి, బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆపేశారు. పాతదాన్ని మూయొద్దని ఆ నెలలోనే ప్రాధికార సంస్థ ఉద్యోగులు సమ్మె కూడా చేశారు. వినలేదు. మామునూరు కూడా ఆ షరతు కిందికే వచ్చింది. కంపెనీ అభ్యంతరం లేదని చెప్పాకనే 2025లో దారి తెరుచుకుంది.

అంటే పాత విమానాశ్రయం బాగుచేయాలంటే కంపెనీ అభిప్రాయం కాగితం మీద కావాలి. ఆ నేల మీద చెమటోడ్చిన కైకిలోళ్ల అభిప్రాయం ఏ కాగితం మీదా అక్కర లేదా? ప్రజాభిప్రాయం అంటే ఎవరి అభిప్రాయం?

చట్టం ఏం చెబుతున్నదో చూద్దాం. 2013 భూసేకరణ చట్టం "బాధిత కుటుంబం" అంటే భూమి ఉన్నవాళ్లు మాత్రమే అనలేదు. మూడేళ్లుగా ఆ భూముల మీదే ప్రధానంగా బతుకుతున్న వ్యవసాయ కూలీలను, కౌలుదార్లను, పాలికాపులను, చేతివృత్తుల వాళ్లను కూడా చేర్చింది. ఆ కుటుంబానికి ఉద్యోగం గానీ, ఒకేసారి 5 లక్షల రూపాయలు గానీ, నెలకు 2,000 చొప్పున 20 ఏళ్ల భృతి గానీ ఇవ్వాలని రెండో షెడ్యూలులో రాసి ఉంది. ఊరి మీద పడే ప్రభావాన్ని అంచనా వేసి, బహిరంగ విచారణ పెట్టాలని కూడా ఉంది. కూలివాడు లేచి మాట్లాడగలిగే చోటు ఆ విచారణే. అయితే తెలంగాణలో 2017లో తెచ్చిన సవరణ, కొన్ని రకాల ప్రాజెక్టులను ఆ విచారణ నుంచి తప్పించే అధికారం ప్రభుత్వానికి కట్టబెట్టింది. చట్టం ఒక చేత్తో ఇచ్చిన నోరును సవరణ ఇంకో చేత్తో మూసింది.

మేము గాలిమోటరుకు శత్రువులం కాదు. వేల ఎకరాలు మింగి కొత్తది కట్టేకన్నా, ఉన్న పాతదాన్ని బాగుచేయడమే మేలు. శంషాబాద్‌కు దాదాపు 5,500 ఎకరాలు పోయాయి. మామునూరుకు పోయేది 253. ఈ తేడా చిన్నది కాదు. కానీ 253 ఎకరాల మీద బతికే కూలి కుటుంబానికి పోయేది కొంచెం కాదు, మొత్తం బతుకే.

అందుకే మా కోరికలు ఇవి. ఆ మూడు ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి భూమిలేని కుటుంబాల జాబితా రాయాలి. గ్రామసభలో చదివి వినిపించాలి. కౌలుదార్ల పేర్లు ఎక్కించాలి. రెండో షెడ్యూలు ప్రకారం కూలీలకూ చెల్లించాలి. రన్‌వే పనిలో, టెర్మినల్ పనిలో ముందుగా ఆ ఊళ్ల ఆడ, మగ కూలీలను సమాన కూలితో పెట్టుకోవాలి. పోయే దారికి బదులు ముందే దారి వేయాలి.

వీటిని ఎవరూ వెతుక్కుంటూ వచ్చి ఇవ్వరు. ఎక్కడ భూసేకరణ మాట వినబడినా సంఘం కార్యకర్తలు ముందుగా కూలి వాడకు పోవాలి. ఏ చేలో ఎన్నేళ్లుగా కైకిలి చేస్తున్నారో నోటుపుస్తకంలో రాసుకోవాలి, సాక్షుల వేలిముద్రలు తీసుకోవాలి. భూమి చదును చేసి కంచె వేసినాక, ఇక్కడ మిరప చేను ఉండేదని రుజువు చేయడానికి గట్టు కూడా మిగలదు.