పని ఆగకుండ ఇల్లు మారు యంత్రములు

నేడు నేను ముచ్చటించబోవు విషయము వినినంతనే కఠినమని తోచవచ్చును. కాని అందలి కీలకము, కరణీకము సంగతి యెరిగినవారికి నావంటి యంత్రపు పనివానికంటె సులభముగా బోధపడునని నా నమ్మకము.

మీరు బ్యాంకునకు పోయి ఖాతా నిలువ యడిగినప్పుడు గుమాస్తా తన యెదుటి కంప్యూటరు చూచి చెప్పును. కాని లెక్క అందులో నుండదు. వేరొక యూరిలో చల్లని గదిలో రేయింబవళ్లు నడుచు సర్వరు అను పెద్ద యంత్రమున నుండును. దానికిని దుమ్ము పట్టును, పంకా చెడును, మరమ్మతు కావలెను. మరమ్మతునకై దాని నాపినచో ఇచ్చట గుమాస్తా చేతులు ముడుచుకొని కూర్చుండును, మీరు మరల రేపు రావలెను. ఆపకుండ మరమ్మతు చేయుట యెట్లు?

మొదట నొక మాట. ఒక పెద్ద యంత్రములో పది చిన్న యంత్రము లున్నట్లు కల్పించు విద్య యొకటి కలదు. ప్రతి చిన్న యంత్రమును యంత్రమంతయు తనదే యనుకొని తన పని తాను చేసికొనును. దీనిని వర్చువల్ మెషీను అందురు. నేను ఛాయాయంత్ర మనెదను. ఇది క్రొత్త సంగతి గాదు. ఐబీఎం సంస్థవారు 1960 తరువాతి యేండ్లలోనే దీనిని సాధించి, 1972లో వీఎం 370 అను పేర ప్రకటించిరి. 2007లో కేవీఎం అను సాధనము లినక్స్‌లోనే చేరుటచే వెల యీయకయే యెవరికైనను ఈ విద్య లభించినది.

ఇక ఒక కరణమును తలచుకొనుడు. ఆయన వ్రాసిన లెక్కలు భోషాణములోని పుస్తకములందున్నవి. ఇప్పుడు చేయుచున్న కూడిక, ఎవరికో చెప్పుచున్న సమాధానము మనస్సునందున్నవి. ఛాయాయంత్రమునకును ఇట్లే రెండు భాగములు. భోషాణమును డిస్కు అనియు, మనస్సును మెమరీ అనియు అందురు. కరణ మొక యింటినుండి మరియొక యింటికి మారవలెనన్న భోషాణమును మోయుటయే కష్టము. అందుచేత భోషాణమును ఎవరి యింటను ఉంచక ఊరి చావడిలో నుంచి, ఏ యింటివారైనను దానిని తెరచునట్లు చేసితిమా, మోయవలసినది మనస్సు మాత్రమే.

యంత్రములయందు ఈ చావడిని ఉమ్మడి నిలువ యనవచ్చును. సన్ సంస్థవారు 1984లో రూపొందించిన ఎన్ఎఫ్ఎస్ అను పద్ధతి ఇందుకు నేటికిని వాడుకలో నున్నది. నేను చేయు ఏర్పాటు ఇది: ఛాయాయంత్రములను నడుపు యంత్రములు మూడు, డిస్కుల పెట్టె యొకటి. ఆ పెట్టెకు పోవు తీగలు వేరు, జనుల పనికి వాడు తీగలు వేరు. నిలువ మూడు యంత్రములందును ఒకే పేర, ఒకే త్రోవను కనబడవలెను. ఒకచో నొక పేరు, మరియొకచో నొక పేరు ఉన్న పని చెడును. మూడింటి గడియారములును ఒకే వేళ చూపవలెను. పాత యంత్రమును క్రొత్త యంత్రమును కలిసియున్నచో, రెంటికిని తెలిసిన విద్యలనే వాడుమని ఛాయాయంత్రమునకు ముందే చెప్పియుంచవలెను.

ఇప్పుడు మనస్సును మార్చుట. ఒక ఛాయాయంత్రమునకు 8 గిగాబైట్ల మెమరీ యున్నదనుకొందము. దానిని 4096 బైట్ల పుటలుగా విభజింతురు. పుటలు 20 లక్షలకు మించును. సెకండునకు ఒక గిగాబిట్ పంపు తీగమీద అవియన్నియు పోవుటకు సుమారు 70 సెకండ్లు పట్టును. ఈలోపల యంత్రము పని మానదు గనుక పంపిన పుటలలో కొన్ని మరల మారును. సెకండునకు 10 మెగాబైట్లు మారినచో 70 సెకండ్లలో 700 మెగాబైట్లు. రెండవ విడత వానినే పంపుదురు. అందుకు 6 సెకండ్లు. ఆ 6 సెకండ్లలో మారినవి 60 మెగాబైట్లు. వానికి అర సెకండు. తుదకు మిగిలిన 5 మెగాబైట్లకై యంత్రమును రెప్పపాటు నిలిపి, వానిని పంపి, క్రొత్తచోట లేపుదురు. వెంటనే క్రొత్త యింటినుండి "ఇకమీదట నేనిచ్చట నున్నాను" అని తీగల కూడలికి ఒక కేక. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము వారును వారి సహచరులును 2005లో ప్రకటించిన వ్యాసములో, పలువురు కలిసి యాడు ఆటను నడుపు యంత్రమును ఇట్లే మార్చినప్పుడు, ఆగిన కాలము సెకండులో నూరింట ఆరు పాళ్లు మాత్రమే.

తీగ మోయుదానికంటె వేగముగా పుటలు మారునెడల ఈ పని తెగదు. అట్టివానిని నేను రాత్రివేళకు వాయిదా వేసెదను.

అయితే చావడి భోషాణమునకు ఇద్దరు కరణము లొకేసారి కూర్చుండి ఒకే పుస్తకములో వ్రాసిన నేమగును? ఇది నాకు అనుభవమున తెలిసినది. ఒక కార్యాలయమున సొమ్ము మిగుల్చుటకై మూడు యంత్రములకు బదులు రెంటితోనే ఏర్పాటు చేసితిని. ఒకనాడు రెంటి నడుమ తీగ సడలినది. రెండవ యంత్రము, మొదటిది చచ్చినదని తలచి, దాని ఛాయాయంత్రమును తానును లేపినది. మొదటిది చావలేదు. రెండును ఒకే డిస్కుపై గంటసేపు వ్రాసినవి. మేము చూచునప్పటికి విషయసూచికయే చెడి, ఏ లెక్క యెచ్చట నున్నదో తెలియరాని స్థితి. ముందునాటి రాత్రి తీసిన ప్రతి యుండబట్టి బ్రతికితిమి. ఆ దినపు లెక్కలను గుమాస్తాలు కాగితపు రసీదులు చూచి మూడు దినములు మరల వ్రాసిరి. వారు నన్నొక్క మాట యనలేదు. అదియే నాకు మిక్కిలి బాధ యయినది.

మూడవ యంత్రమున్నచో పంచాయతీ కుదురును: ఇద్దరున్న పక్షమే పని చేయవలెను, ఒంటరియైనది ఊరకుండవలెను. అంతియేగాక, ఎదుటిది చచ్చినదని తోచినను దాని విద్యుత్తును నిజముగా కోసిన పిమ్మటనే దాని పనిని చేపట్టునట్లు ఇప్పుడు కట్టుబాటు చేయుచున్నాను.

అకస్మాత్తుగా కూలిన యంత్రమునుండి మనస్సును తరలింపలేము, అది పోయినదే. ఉమ్మడి డిస్కునుండి ఛాయాయంత్రమును వేరొకచోట మొదటినుండి లేపుకొనవలెను. బ్రదికియుండగా ఇల్లు మార్చుట ముందు తెలిసిన మరమ్మతుకే. ఆ డిస్కుల పెట్టెయే చెడినచో మూడు యంత్రములును నిలిచిపోవును. కావున సొమ్మున్నవారు, 2006లో కాలిఫోర్నియానుండి ప్రకటితమైన సెఫ్ వంటి పద్ధతిచే ప్రతి వస్తువునకు మూడు ప్రతులు వేరువేరు యంత్రములం దుంతురు. అయినను పొరపాటున చెరిపిన లెక్క మూడు ప్రతులందును ఒక్కసారే చెరిగిపోవును గనుక, రాత్రి ప్రతిని వేరొక కట్టడమున నుంచు అలవాటు నేను మానలేదు.

నాకిచ్చిన సమయము ముగిసినది. సెలవు.