మంచు కప్పిన దారిలో నిత్యప్రయాణము

పుష్యమాసపు వేకువను మూసాపేట కూడలిలో నిలిచి చూచినచో మన ఊరి చలికాలపు ప్రయాణమంతయు ఒక్క చూపున కానవచ్చును. చెవులకు మఫ్లరు చుట్టుకొన్నవారు మెట్రో స్టేషను మెట్లెక్కుచుందురు. హెల్మెట్టు క్రింద ఉన్నిటోపీ పెట్టుకొన్న యువకులు, 2022లో తెరచిన కైతలాపురము వంతెన మీదుగా హైటెక్ సిటీ వైపు సాగిపోవుచుందురు. టీ కొట్టు ముందు నిలిచినవారు గాజు గ్లాసును రెండు చేతులతో పట్టుకొని వెచ్చదనము కొరకు చూచుచుందురు. మన చలి ఇంతటిది. హైదరాబాదులో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీల సెంటిగ్రేడు. అది 1946 జనవరి 8వ తేదీ నాటి మాట. నీరు గడ్డకట్టుటకు సున్న డిగ్రీలు కావలెను. కాబట్టి మూసాపేట రోడ్డుపై హిమపాతమను ప్రసక్తియే లేదు.

అయినను ఈ పేటలోని ఎన్నో ఇండ్లలో డిసెంబరు మొదలుకొని మార్చి వరకు మంచు దారుల మాట ప్రతిదినమును వినవచ్చుచుండును. ఏలన, ఆ ఇండ్ల బిడ్డలు చికాగోలోను, డెట్రాయిట్‌లోను, టొరంటోలోను, డాలసులోను ఉద్యోగములు చేయుచున్నారు. మనకు సాయంత్రము ఏడు గంటలైనపుడు చలికాలమున డాలసులో ఉదయము ఏడున్నర. ఇచట తల్లి దీపము పెట్టి టెలివిజనులో అమెరికా మంచుతుపాను దృశ్యములు చూచుచుండగా, అచట కుమారుడు కారు తలుపు తీయుచుండును. వెంటనే ఫోను మ్రోగును. “మంచు పడ్డదంట గద, పైలం బిడ్డా” అని తల్లి యనును. “ఏం గాదమ్మా” అని కొడుకు బదులు చెప్పును. ఈ రెండు మాటల నడుమ తెలిసికొనదగిన విషయము చాలా ఉన్నది. దానిని వివరించుటకే మేము ఈ ప్రసంగమునకు పూనుకొంటిమి.

మొదట మాట సంగతి చూతము. తెలుగున ‘మంచు’ అను ఒక్క మాటతో మనము ఎన్నో వస్తువులను చెప్పుకొందుము. గడ్డిపరకపై నిలిచిన బిందువు మంచు. వేకువను దారిని కప్పివేయునది పొగమంచు. హిమాలయములపై తెల్లగా పేరుకొన్నదియు మంచే. చేపల బుట్టలో వేయునది మంచుగడ్డ. సుమారు వేయి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగి వంటి మన్యపు గ్రామములలో తప్ప, గడ్డిపై నీరు గడ్డకట్టుట మనవారు చూచి యెరుగరు. ఆకాశమునుండి ఘనరూపమున మన నెత్తిన పడునవి వడగండ్లు మాత్రమే. కాబట్టి ఒక్క మాట మనకు చాలినది. కాని శీతలదేశములో బండి నడుపువానికి ఈ ఒక్క మాట చాలదు. అప్పుడే రాలిన పొడిమంచు వేరు. చక్రముల క్రింద నలిగి చట్టుకట్టిన మంచు వేరు. సగము కరగి బురదవలె నున్న మంచు వేరు. నీరు గడ్డకట్టి దారికి అంటుకొన్న పలుచని పొర వేరు. దూరము నుండి చూచువారికి మొదటిది భయంకరముగా తోచును. నిజమునకు ప్రాణములు తీయునది తరచుగా చివరిదే.

దీనికి కారణము ఘర్షణ. బండిని ఆపునది బ్రేకు అని మనము అనుకొందుము. బ్రేకు చక్రమును మాత్రమే ఆపును. బండిని ఆపునది రోడ్డును పట్టుకొన్న టైరు. ఆ పట్టు లేనిచో చక్రము నిలిచిపోయినను బండి జారుచునే యుండును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారును తీసికొందము. పొడి తారు రోడ్డుపై బ్రేకు పడిన తరువాత అది సుమారు 20 మీటర్లలో ఆగును. తడిసిన రోడ్డుపై 35 మీటర్లు, చట్టుకట్టిన మంచుపై 70 మీటర్లు, నున్నని మంచుగడ్డ పొరపై సుమారు 140 మీటర్లు కావలెను. అపాయమును చూచి కాలు బ్రేకుపై వేయుటకు పట్టు ఒక్క సెకనులో బండి మరి 17 మీటర్లు ముందుకు పోవును. అది ఈ లెక్కలో చేరలేదు.

ఇదే లెక్కలో ఆశ కలిగించు విషయమొకటి కలదు. ఆగుటకు పట్టు దూరము వేగముతో సమముగా పెరుగదు, వేగపు వర్గమును బట్టి పెరుగును. వేగమును సగము చేసినచో దూరము నాలుగవ వంతు అగును. ఆ మంచుగడ్డ పొరపైననే 30 కిలోమీటర్ల వేగమున పోవు బండి 35 మీటర్లలో నిలుచును. రోడ్డు పట్టు మన చేతిలో లేదు. వేగము మన చేతిలో నున్నది.

మంచుగడ్డ అంతగా జారుటకు హేతువేమి? మనిషి బరువునకు, బండి బరువునకు అది కరగుననుట పూర్వపు వివరణము. కాని గట్టి చలిలో ఆ ఒత్తిడి అంతటి కరుగుదలకు చాలదు. మంచుగడ్డ ఉపరితలమున, గడ్డకట్టు ఉష్ణోగ్రతకు దిగువను కూడ, నీటివలె కదలు మిక్కిలి పలుచని పొర ఉండునని 1850లోనే మైకేల్ ఫారడే ఊహించెను. తరువాతి శాస్త్రజ్ఞులు దానిని నిర్ధారించిరి. రాపిడి వలన పుట్టు వేడి ఆ పొరను మరికొంత పెంచును. కాబట్టి గడగడ వణికించు ముప్పది డిగ్రీల చలిలో కంటె, సున్నకు కొంచెము దిగువన, పైన తడి చేరిన మంచుగడ్డ ఎక్కువ జారును. “ఈ దినము చలి అంతగా లేదు” అను ధైర్యము ఇందుచేత మోసము చేయవచ్చును.

ఈ మోసమునకు పెద్ద నిదర్శనము 2021 ఫిబ్రవరి 11వ తేదీన టెక్సస్ రాష్ట్రములోని ఫోర్ట్‌వర్త్ నగరమున కలిగినది. ఫోర్ట్‌వర్త్ డాలసు ప్రక్కనే యున్నది. అర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో వంటి ఆ ప్రాంతపు ఊళ్ళలో తెలుగు కుటుంబములు అనేకము. అది మంచుదేశము కాదు; వేసవిలో మన హైదరాబాదువలె మండిపోవు సీమ. నాటి తెల్లవారుజామున సన్నని వాన పడి, పడినచోటనే గడ్డకట్టినది. ఉద్యోగములకు పోవు జనము ఎప్పటి వేగముతోనే రహదారి ఎక్కిరి. ఒక బండి జారినది, వెనుకది దానిని తాకినది, దాని వెనుక మరియొకటి. ఇట్లు నూటముప్పదికి పైగా వాహనములు ఒకదానిపై నొకటి పడినవి. ఆరుగురు మరణించిరి. దారిపై రెండు రోజులకు మునుపు ఉప్పునీరు చల్లియే యుండిరి. అయినను నేలకంటె ఎత్తున కట్టిన భాగము గడ్డకట్టినది.

ఇందులో రెండు పాఠములు కలవు. మొదటిది, ఆ పొర తెల్లగా నుండదు. అది గాజువలె పారదర్శకము కాబట్టి దాని క్రింది తారు నలుపే కనిపించును. రోడ్డు తడిసినట్లు మాత్రమే తోచును. అందుకే దానిని అచట నల్లమంచు అందురు. ముందుపోవు బండ్ల చక్రముల నుండి నీటి తుంపర లేవనిచో, ఆ తడి నీరు కాక మంచుగడ్డ కావచ్చునని అనుమానింపవలెను. రెండవది, వంతెన ముందుగా గడ్డకట్టును. నేలపై రోడ్డునకు భూమిలోని వెచ్చదనము కొంత అందును. వంతెనకు పైనను క్రిందను చలిగాలియే.

మంచుదేశముల వారు ఈ బాధను ఎట్లు ఎదుర్కొనుచున్నారు? రాత్రియంతయు నాగలివంటి పెద్ద పలక కట్టిన లారీలు దారి ఊడ్చును. వాటి వెనుక ఉప్పు చల్లుదురు. ఉప్పు పని మనకు క్రొత్తది కాదు. కుల్ఫీ అమ్మువాడు కుండలో మంచుగడ్డలతో ఉప్పు కలుపుట మనము చూచినదే. ఉప్పు కలిసినచో మంచు సున్న డిగ్రీలకు దిగువను కూడ కరగును, కరగుటకు కావలసిన వేడిని కుల్ఫీ నుండి లాగుకొనును, కుల్ఫీ గట్టిపడును. రోడ్డుపైనను అదే సూత్రము. డెట్రాయిట్ నగరము క్రింద వేయి అడుగులకు పైగా లోతున ఉప్పు గని యొకటి కలదు. దాని ఉప్పు దారులపై చల్లుటకే ఎక్కువగా పోవును. కాని సుమారు మైనస్ పది డిగ్రీలకు దిగువన సాధారణమైన ఉప్పు పని మందగించును. అప్పుడు కాల్షియము క్లోరైడు వంటి ఇతర లవణములో, కేవలము ఇసుకయో వాడుదురు. ఉప్పునకు మూల్యము కూడ ఉన్నది: కార్లు తుప్పుపట్టును, చెరువులలోను బావులలోను ఉప్పదనము పెరుగును.

టైరు సంగతి కూడ గమనింపదగినది. మామూలు టైరు రబ్బరు సుమారు ఏడు డిగ్రీలకు దిగువన బిరుసెక్కి రోడ్డును పట్టదు. చలికాలపు టైరు మెత్తని రబ్బరుతో, లోతైన గాళ్ళతో చేయబడును. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రమున డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు అట్టి టైర్లు చట్టప్రకారము తప్పనిసరి. క్రొత్తగా పోయిన విద్యార్థి పాత కారు కొనునపుడు రంగును, ధరను చూచును. ముందుగా చూడవలసినది టైర్లను.

ఇక నడుపువాడు చేయవలసినది. బయలుదేరుటకు ముందు అద్దములన్నియు, దీపములు, కారు పైకప్పు పూర్తిగా తుడువవలెను. చూచుటకు రంధ్రమంత చోటు గీకి బయలుదేరుట ప్రాణాంతకము. పైకప్పు మీది మంచు బ్రేకు వేసినపుడు జారి ముందు అద్దమును కప్పివేయును. ముందు బండికి మామూలుకంటె అనేక రెట్లు ఎడముండవలెను. వేగము పెంచుట, తగ్గించుట, త్రిప్పుట, అన్నియు నిదానముగా జరుగవలెను. బండి జారినచో కంగారుపడి స్టీరింగును గిరగిర త్రిప్పరాదు. యాక్సిలరేటరు మీది కాలు తీసి, పోవలసిన దిక్కునకు చూపు నిలిపి, అటే మెల్లగా త్రిప్పవలెను. చక్రములు బిగిసిపోకుండ కాపాడు ఏబీఎస్ ఉన్న కారులో తప్పనిసరియైనపుడు బ్రేకును గట్టిగా నొక్కియే యుంచవలెను.

తుపానులో బండి చిక్కుకొన్నచో దానిని విడిచి నడచిపోరాదు. 2022 డిసెంబరులో బఫెలో నగరమున వచ్చిన మంచుతుపానులో మరణించినవారిలో కొందరు కార్లలోను, కొందరు బయటను దొరకిరి. కంబళి, త్రాగునీరు, తినుబండారము, టార్చిలైటు, చిన్న పార కారులో నుండవలెను. పొగగొట్టమును మంచు మూసివేసినచో కార్బన్ మోనాక్సైడు లోపలికి వచ్చును. దానికి రంగు లేదు, వాసన లేదు. కాబట్టి గొట్టము చుట్టును మంచు తీసి, గంటకు పది నిమిషములు మాత్రమే ఇంజను నడిపి, అద్దము కొంచెము దించి యుంచవలెను. మూసిన గ్యారేజీలో వెచ్చదనము కొరకు కారు నడుపుట ఎన్నడును తగదు. నడచిపోవువారు చేతులు జేబులలో పెట్టక, పాదమంతయు మోపుచు, చిన్న అడుగులు వేయవలెను. అన్నిటికంటె మేలైన ఉపాయము ఆ దినము బయలుదేరకుండుట. ఇంటినుండియే పని చేయు వీలున్నపుడు దానిని అడుగుట పిరికితనము కాదు.

ఇదంతయు పరదేశపు కథ యని మూసాపేట వారు అనుకొనరాదు. మన రోడ్డునకు మంచు లేదు గాని జారుడు ఉన్నది. వేసవి అంతయు తారుపై పేరుకొన్న నూనె, ధూళి తొలకరి జల్లుతో కలిసి సబ్బునీటివలె అగును. వాన మొదలైన తొలి నిమిషములలోనే ద్విచక్రవాహనములు జారుట అందువలన. రోడ్డుపై తెల్లగీతలు, మ్యాన్‌హోలు మూతలు, ఫ్లైఓవరు అతుకుల ఇనుపపట్టీలు తడిసినపుడు చుట్టునున్న తారుకంటె నున్నగా నుండును. వాటిపై బ్రేకు వేయుట గాని, బండి వాల్చి మలుపు త్రిప్పుట గాని కూడదు. జనవరి వేకువను ఔటర్ రింగ్ రోడ్డుపై పొగమంచు కమ్మినపుడు దీపములను క్రిందికి దించి, కంటికి కనబడు దూరములో ఆగగలిగినంత వేగముననే పోవలెను. ఫోర్ట్‌వర్త్‌లోను మూసాపేటలోను లెక్క ఒక్కటే.

ఇక ఇంటనున్న పెద్దలకు ఒక్క మనవి. అంత దూరమున నున్న బిడ్డకు మనము ఉప్పు చల్లలేము, దారి ఊడ్వలేము. కాని ఒకటి చేయగలము. వారు బండి నడుపు వేళకు ఫోను చేయక యుండగలము. నల్లమంచుపై చూపు ఒక్క క్షణము మరలినను చాలును. ఆ క్షణము తల్లి పిలుపు వలన కలిగిన దైననూ అది క్షణమే. బయలుదేరుటకు ముందే మాటాడి, “మంచు పడినదా” అని కాక, “అరగంట ముందు లేచితివా, టైర్లు మార్చితివా, ఈ దినము పోకతప్పదా” అని అడుగుడు. చేరిన తరువాత ఒక్క మాట వ్రాసి పంపుమని చెప్పుడు. ఆ మాట వచ్చువరకు మూసాపేటలో ఆ అరగంట మిక్కిలి దీర్ఘముగా నుండును. అయినను ఆ నిరీక్షణము బిడ్డకు మనము చేయు సాయమే.