వాల్వులు వెలగనివ్వండి

1.56 వోల్టులు. డైనాకో స్టీరియో 70 యాంప్లిఫయరు ఉన్నవాళ్లను నిద్రలో లేపి అడిగినా చెప్పే అంకె ఇది. ముందువైపు సాకెట్టులో మీటరు పెట్టి, చిన్న స్క్రూను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతారు. అంకె 1.56కి వస్తుంది. వాల్వులు ఇంకాస్త వేడెక్కేసరికి పక్కకు జరుగుతుంది. మళ్లీ తిప్పాలి. అది కదలకుండా నిలిచిందంటే ఆ ఛానెల్‌లోని రెండు ఈఎల్34 వాల్వులూ కలిసి సరిగ్గా 100 మిల్లీయాంపియర్లు లాగుతున్నాయన్నమాట. దీన్నే బయాస్ పెట్టడం అంటారు. వాల్వు సెట్టుతో కాపురం చేసేవాళ్లు ముందు నేర్చుకోవలసిన పని ఇదే.

ఈ యాంప్లిఫయరు 1959లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టింది. స్టీరియో ఎల్‌పీలు అప్పుడప్పుడే దుకాణాల్లోకి వస్తున్నాయి. ఇంట్లో ఉన్న ఒక్క స్పీకరు, ఒక్క యాంప్లిఫయరు ఇక చాలవు. డేవిడ్ హాఫ్లర్, ఎడ్ లారెంట్ కలిసి రెండు యాంప్లిఫయర్లను ఒకే చాసిస్ మీద కూర్చారు. ఒక్కో ఛానెల్‌కు 35 వాట్లు. హాఫ్లర్ అప్పటికే పేరున్నవాడు. 1951లో హెర్బర్ట్ కెరోస్‌తో కలిసి అల్ట్రా లీనియర్ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది ఆయనే. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల మధ్యలోంచి ఒక తీగ తీసి వాల్వు స్క్రీన్ గ్రిడ్‌కు కలుపుతారు. పెంటోడ్ రకం వాల్వు బలం చాలావరకు నిలుస్తుంది, ట్రయోడ్ రకం నునుపూ దక్కుతుంది. కిట్ ధర 99.95 డాలర్లు. విడిభాగాలు అట్టపెట్టెలో వచ్చేవి. కొన్నవాళ్లే బల్ల మీద పరుచుకుని, సోల్డరింగ్ చేసి, బిగించుకునేవాళ్లు.

నా దృష్టిలో దీని గొప్పతనం అక్కడే ఉంది. 1961లో వచ్చిన మెకింటోష్ ఎంసీ275కి 75 వాట్ల బలం, రాచఠీవి ఉన్నాయి, కాదనను. కానీ మామూలు మనిషి బిగించుకోవడానికి తయారైన వస్తువును మామూలు మనిషి బాగు చేసుకోగలడు. అడుగు రేకు విప్పితే ప్రతి తీగా ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోందో కంటికి కనిపిస్తుంది. అరవై ఏళ్లు దాటిన సెట్లు ఇవాళ్టికీ పాడుతున్నాయంటే కారణం అదే.

పాతదాన్ని పాతగానే ఉంచాలి, ఒక్క భాగమూ మార్చకూడదనే సేకర్తలున్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు కాలం గడిచేకొద్దీ లోపల ఎండిపోతాయి. బయాస్‌కు నెగటివ్ వోల్టేజీ అందించే సెలీనియం రెక్టిఫయరు నీరసిస్తుంది. కప్లింగ్ కెపాసిటర్లు కారడం మొదలుపెడతాయి. వీటిలో ఏ ఒక్కటి దారి తప్పినా వాల్వు మీద అదుపు పోతుంది. దీపాలార్పి చూస్తే తెలుస్తుంది. గాజులోపల నడుమ కనిపించే నారింజ వెలుగు హీటరుది, అది ఉండవలసిందే. చుట్టూ ఉన్న బూడిదరంగు ప్లేటు మీద కుంకుమ మచ్చలా ఎరుపు తేలిందంటే మాత్రం క్షణం ఆగకుండా స్విచ్ ఆపాలి. ఆలస్యం చేస్తే వాల్వుతోపాటు ట్రాన్స్‌ఫార్మరూ పోవచ్చు.

ట్రాన్స్‌ఫార్మర్లు మాత్రం బంగారం. పాత సెట్టు కొనేటప్పుడు నేను ముందు చూసేది వాటినే. మెరుపు పోయిన చాసిస్ పరవాలేదు, వాల్వులు లేకపోయినా పరవాలేదు. ట్రాన్స్‌ఫార్మరు కాలిన వాసన వస్తే బేరం ఆడక్కర్లేదు. స్పీకరు తగిలించకుండా వాల్వు యాంప్లిఫయరును నడపకూడదనేది కూడా ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును కాపాడుకోవడానికే.

వాల్వులకు అంత బెంగ అక్కర్లేదు. అవి మార్చుకోవడానికే పుట్టాయి. ఈఎల్34లు రష్యాలోని సరతోవ్‌లో, స్లొవేకియాలో కొత్తవి తయారవుతున్నాయి. కష్టమల్లా డ్రైవరు వాల్వు 7199తోనే. అందుకే చాలామంది వేరే వాల్వులు పట్టే కొత్త బోర్డు వేసుకుంటారు. పాత బోర్డును పారేయకుండా దాచుకుంటే చాలు. మన దేశంలోనూ బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ ఒకప్పుడు రేడియో వాల్వులు చేసేది. వాటితో చెయ్యి తిరిగిన రేడియో మెకానిక్కులు మన పట్టణాల్లో ఇంకా అక్కడక్కడా ఉన్నారు. ఫ్యూజు మాడ్చకుండా పాత సెట్టును పరీక్షించడానికి వాళ్లు వాడే సిరీస్ బల్బుకు మించిన ఉపాయం లేదు. బల్బు పూర్తి వెలుగుతో అలాగే నిలిచిపోయిందంటే లోపల షార్ట్ ఉన్నట్టే.

అమెరికా నుంచి తిరిగొస్తూ ఇలాంటి సెట్టు వెంట తెచ్చుకునేవాళ్లకు ఒక మాట. అది అక్కడి 120 వోల్టుల కోసం చేసింది. ఇక్కడి 230కి నేరుగా తగిలిస్తే అంతే సంగతులు. మంచి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కావాలి. 60 హెర్ట్జ్‌ కోసం చుట్టిన పవర్ ట్రాన్స్‌ఫార్మరు మన 50 హెర్ట్జ్ మీద ఇంకొంచెం వేడెక్కుతుంది కాబట్టి గాలి ఆడేచోట పెట్టాలి.

అటక మీద వాల్వు సెట్టు ఏదైనా దొరికితే దయచేసి ఆత్రంగా ప్లగ్గు పెట్టకండి. లోపల 400 వోల్టులకు పైనే ఉంటుంది, స్విచ్ ఆపినా కెపాసిటర్లలో ఆ వోల్టేజీ నిలిచే ఉండొచ్చు. చెయ్యి పెట్టకండి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి. వాల్వులు తెలిసిన మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లండి. బాగయ్యాక అద్దాల బీరువాలో దాచకండి. స్పీకర్లు తగిలించి, వారానికి ఒక్కసారైనా పాట పెట్టండి.