మీకు తెలుసా? కచేరీ పత్రికలో పేరు పడని వాళ్లు

కచేరీ ఆహ్వాన పత్రిక మీద గాత్రం, వయొలిన్, మృదంగం, ఘటం అంటూ వరసగా పేర్లుంటాయి. ఆ పిల్లవాడికి సరళీ వరసలు పట్టించిందెవరో, పూటకింత అన్నం పెట్టిందెవరో, ఆ వాయిద్యం ఎవరింట్లోంచి వచ్చిందో అందులో ఉండదు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి చుట్టుపక్కల సంగీతాన్ని ఆ అచ్చుకాని పేర్ల వైపు నుంచి చూద్దాం.

మాండలిన్ వాయించని మాండలిన్ గురువు

పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్‌కు ఆరేళ్లప్పుడు నాన్న సత్యనారాయణగారి మాండలిన్ చేతికందింది. కొడుకు వేళ్లలో పస ఉందని గ్రహించిన తండ్రి, తనకు పాఠం చెప్పిన రుద్రరాజు సుబ్బరాజుగారి దగ్గరే కూర్చోబెట్టారు. సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండలిన్ రాదు! ఆయన పాడేవారు, విన్నదాన్ని పిల్లవాడు తీగ మీద వెతుక్కునేవాడు. ఆ లోటే కలిసొచ్చింది. వేలు ఎక్కడ పెట్టాలో చూపించే మనిషి లేకపోబట్టి, గొంతులోని గమకాన్ని తీగ మీదికి తెచ్చే దారి తానే వేసుకోవలసి వచ్చింది.

జంట తీగలకు సెలవు

మామూలు మాండలిన్‌కు 8 తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. మీటితే టింగుమని మోగి ఇట్టే ఆరిపోతుంది. మన రాగానికి అది చాలదు. స్వరం ఊగాలి, జారాలి, కాసేపు నిలవాలి. అందుకే శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ ఎంచుకుని, జతల స్థానంలో 5 ఒంటి తీగలు పెట్టుకున్నారు. తొలి కచేరీ 1978లో, కొల్లేటికి ఆ పక్కనున్న గుడివాడలో, త్యాగరాజ ఆరాధన ఉత్సవాల్లో జరిగింది. అప్పటికి ఆయనకు పదేళ్లు నిండలేదు.

సోమవరప్పాడు నుంచి త్యాగయ్యకు నాలుగే మెట్లు

ఏలూరు పక్కనే ఉన్న సోమవరప్పాడులో 1926 మార్చి 27న పుట్టారు ఫిడేలు విద్వాంసుడు అన్నవరపు రామస్వామి. ఆయన గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. పంతులుగారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. శాస్త్రిగారి గురువు మానంబుచావడి వెంకటసుబ్బయ్య. వెంకటసుబ్బయ్య గురువు సాక్షాత్తు త్యాగరాజస్వామి. ఈ గొలుసులో ఎక్కడా అడ్మిషన్ ఫారం లేదు, హాజరు పట్టీ లేదు. ఒకరి నోటి నుంచి ఇంకొకరి చెవికి పాఠం నడిచింది, అంతే. గాయకుడు బాలమురళీకృష్ణదీ ఇదే గురుపీఠం. ఇక రామస్వామిగారు 1948లో విజయవాడ ఆకాశవాణిలో చేరి, 1986 వరకు అక్కడ ఫిడేలు వాయించారు. వందన, శ్రీదుర్గ అనే రాగాలు, త్రినేత్రాది, వేదాది అనే తాళాలు ఆయన కల్పనే. 2021లో పద్మశ్రీ వచ్చేనాటికి వయసు తొంభై దాటింది.

జోలె పట్టిన ఊరు వేరు, పేరు నిలిచిన ఊరు వేరు

గాయకుడు ఘంటసాల 1922లో గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్యగారు మృదంగం వాయిస్తూ తరంగాలు పాడుతుంటే, పసివాడు చిందులేసేవాడు. తండ్రి పోయాక, సంగీతం నేర్చుకోవాలన్న పట్టుదలతో విజయనగరం చేరేసరికి అక్కడి సంగీత కాలేజీకి వేసవి సెలవులు. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఇంట్లో చోటిచ్చి పాఠం మొదలుపెట్టారు. గురువుగారిదీ కలిగిన ఇల్లు కాదు. అందుకే శిష్యుడు భుజాన జోలె వేసుకుని మధుకరానికి బయల్దేరాడు. పొద్దున ఇంటింటా అడిగి తెచ్చుకున్న అన్నమే రెండు పూటలా. ఆ గొంతును పెంచినవాళ్లలో, గుమ్మం దగ్గర పిడికెడు అన్నం వేసి లోపలికి వెళ్లిపోయిన విజయనగరం ఇల్లాళ్లూ ఉన్నారు. ఇప్పుడు విజయవాడలోని ప్రభుత్వ సంగీత కళాశాలకు ఘంటసాల పేరే ఉంది. దానికి మొదటి ప్రిన్సిపాల్ బాలమురళీకృష్ణ.

సీటు అడిగితే ఉద్యోగం ఇచ్చారు

ఆ విజయనగరం కాలేజీ పుట్టుకకు ఒక చూపులేని పిల్లవాడు కారణమని చెబుతారు. విజయనగరం రాజావారి ఆస్థానంలో పనిచేసే చాగంటి జోగారావుగారి కొడుకు గంగబాబు. ఆ కుర్రవాడికి సంగీతం నేర్పించే ఏర్పాటు చేయబోయి, విజయరామ గజపతిరాజు ఏకంగా కళాశాలే తెరిచారట. అది 1919. మొదటి అధ్యక్షుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. విద్యార్థిగా చేరదామని ద్వారం వెంకటస్వామి నాయుడు వచ్చి ఫిడేలు వాయించి చూపిస్తే, విన్న దాసుగారు ఆయన్ను అధ్యాపకుడిగా వేసుకున్నారు. అప్పటికి నాయుడుగారికి పాతికేళ్లు. ఆయన చూపూ అంతంత మాత్రమే. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు.

ఆర్కెస్ట్రా అంటే ఏ ఆర్కెస్ట్రా?

మనవైపు చవితి పందిట్లోనో జాతరలోనో “రాత్రికి ఆర్కెస్ట్రా ఉంది” అంటే సినిమా పాటలని అర్థం. కీబోర్డు, ప్యాడ్లు, ఇద్దరు గాయకులు, తెల్లవార్లూ కోరికల చీటీలు. పాశ్చాత్యులు ఆ మాట అంటే పదుల కొద్దీ వాయిద్యాలు ఒకే రాతప్రతి చూసి, ఒకే చేతి సైగకు పలకడం. మన కచేరీలో శ్రుతి గాయకుడిది, ఆ గొంతుకు తగ్గట్టు ఫిడేలు బిరడాలు తిరుగుతాయి. అక్కడ ఓబో అనే సన్నాయి లాంటి వాయిద్యం ఒక స్వరం పట్టి ఉంచితే అందరూ దానికి కలుపుకోవాలి. ఈ రెండు పద్ధతులకూ పొత్తు కుదర్చాలని ఆకాశవాణి 1952లో ఢిల్లీలో వాద్యవృంద అనే బృందాన్ని నెలకొల్పింది. పండిట్ రవిశంకర్‌తో మొదలైన ఆ బృందాన్ని, తర్వాతి కాలంలో మన ద్రాక్షారామం వైణికుడు ఈమని శంకరశాస్త్రి నడిపించారు.

50 స్టాండ్లు, 11 మంది పిల్లలు

ఆర్కెస్ట్రా మాట వచ్చింది కనుక వెనిజులా సంగతీ చూద్దాం. అక్కడి హోసే ఆంటోనియో అబ్రేయు ఆర్థికశాస్త్రం చదివిన సంగీతకారుడు. 1975లో కారకాస్‌లో ఒక గ్యారేజీలో పిల్లల ఆర్కెస్ట్రాకు తొలి సాధన పెట్టారు. ఇద్దరికొకటి చొప్పున వంద మందికి సరిపోతాయని 50 స్వరపత్రాల స్టాండ్లు విరాళంగా తెచ్చుకున్నారు. వచ్చింది 11 మంది! మూసేసి వెళ్లిపోదామా అని ఆలోచించి, చివరికి ఆ పదకొండు మందితోనే సాధన చేయించారు. అదే ఎల్ సిస్తేమా. తర్వాత లక్షల మంది పిల్లలకు ఉచితంగా సంగీతం నేర్పింది. మన పొరుగున చెన్నైలో ఎ.ఆర్. రెహమాన్ 2008లో కె.ఎం. మ్యూజిక్ కన్సర్వేటరీ పెట్టి, పేదింటి పిల్లల కోసం సన్‌షైన్ ఆర్కెస్ట్రాను తయారుచేశారు.

రవ్వ తినే వాయిద్యం

సంగీతం నేర్చుకునే పిల్లలున్న ఇంట్లో వంటగదికీ పని పడుతుంది. మృదంగం ఎడమ వైపు గుమ్మని పలకాలంటే, వాయించే ముందు బొంబాయి రవ్వ నీళ్లతో ముద్దగా కలిపి మూత మధ్యలో అద్దాలి. కచేరీ అయ్యాక గీకి శుభ్రం చేయాలి. మర్చిపోతే ఎండి పెచ్చులు కడుతుంది, చర్మం పాడవుతుంది. పిల్లవాడు ఎలాగూ మర్చిపోతాడు. తడిగుడ్డ పట్టుకుని తుడిచేది అమ్మ. ఉప్మాకని తీసిన రవ్వలో గుప్పెడు తగ్గినా ఆ ఇంట్లో ఎవరూ అడగరు.

వీసం ఫిడేలు

మన పాత లెక్కల్లో పదహారో వంతు వీసం, తర్వాత పరక, పావు, అర, ముప్పావు. చిన్నపిల్లల ఫిడేళ్లూ దాదాపు ఇదే వరసలో దొరుకుతాయి. అర ఫిడేలంటే సగం పొడవని కాదు. పూర్తి ఫిడేలు పెట్టె పొడవు 14 అంగుళాలైతే, అర దాదాపు పన్నెండున్నర. వీసం కూడా 9 అంగుళాల దాకా ఉంటుంది. పెద్ద ఫిడేలు చేతికి రావడానికి పదకొండు, పన్నెండేళ్లు రావాలి. ఈలోగా గౌన్లు, చెప్పుల్లాగే ఫిడేలూ బిగుతైపోతుంటుంది. అప్పుడు మేస్టారు బిరడా జారకుండా కాస్త సుద్దపొడి రాసి, దాన్ని గుడ్డలో చుట్టి, పక్క వీధి పిల్ల చేతిలో పెడతారు. దాని మెడ మీద అంతకుముందు వాయించిన పిల్లల కోసం అంటించిన స్వరస్థానాల కాగితపు ముక్కలు ఇంకా ఉంటాయి. కొత్త పిల్ల వేళ్లు వాటి మీదే మొదటి ‘రి’ వెతుక్కుంటాయి.