చిన్న మాట - పెక్కర్థములు

ఆంగ్లభాషను నేర్చుకొను తెలుగు బాలబాలికలకు మొదటి సంవత్సరమునందే పరిచయమగు పదములలో 'రన్' అనునది యొకటి. ఆంగ్లమున దానిని వ్రాయుటకు మూడక్షరములు చాలును. దాని యర్థమేమని యడిగిన, 'పరుగెత్తుట' యని చిన్న తరగతి విద్యార్థియు తడుముకొనక చెప్పును. ఆ సమాధానము తప్పు గాదు. కాని ఆక్స్‌ఫర్డు ఆంగ్ల నిఘంటువును సంస్కరించుచున్న పండితులు ఈ మాటను సమగ్రముగా పరిశీలింపగా, క్రియగా దానికి 645 అర్థములున్నట్లు తేలినది. ఈ సంగతి 2011వ సంవత్సరమున లోకమునకు వెల్లడియైనది. ఆ యొక్క మాటను పరిష్కరించుటకే పీటర్ గిల్లివర్ అను నిఘంటుకారునకు తొమ్మిది నెలలు పట్టెను. ఇంత చిన్న మాటకు ఇన్ని యర్థములెట్లు కలిగెను? వానిలో ఏ యర్థమును ఎక్కడ గ్రహింపవలెనో చదువరి యెట్లు తెలిసికొనును?

మొదట ఆ మాట చేయు పనులను గమనింపవలెను. బాలుడు పరుగెత్తిన ఆంగ్లేయుడు 'రన్' అనును. నది పారినను ఆ మాటనే వాడును. జలుబు చేసి ముక్కు కారినను, ఉతుకునపుడు చీర రంగు దిగినను, వెలుగుచున్న కొవ్వొత్తి మైనము కరగి జారినను ఆ మాటయే. రైలుబండి రెండు పట్టణముల నడుమ నడచుట, వర్తకుడు దుకాణమును నడుపుట, బాట సముద్రతీరము వెంబడి సాగుట, నాటకము నూరు రాత్రులాడుట, కౌలు ఒడంబడిక మూడేండ్లు అమలులో నుండుట, పత్రిక యొక వార్తను ప్రచురించుట - వీనినన్నిటిని చెప్పుటకు ఆ యొక్క పదమే చాలును. తెలుగున ఇన్ని క్రియలు కావలసిన చోట ఆంగ్లమున నొక్కటియే పని నెరవేర్చుచున్నది.

దాని వెనుక మరియొక చిన్న మాట చేరినచో అర్థము మరల మారును. 'అవుట్' చేరిన, ఉన్న వస్తువు అయిపోయినదని భావము. ఇంటిలో బియ్యము నిండుకొన్నవని తెలుగువారు చెప్పు సందర్భమున ఆంగ్లేయులు ఈ జంటమాటను వాడుదురు. 'ఇంటు' చేరిన, అనుకొనకుండ ఎదురుపడుట యనియు, ఢీకొనుట యనియు అర్థములు గలవు. ఒక విద్యార్థి అంగడిలో తన పూర్వపు గురువునకు 'రన్ ఇంటు' అయ్యెనని యుండగా, 'గురువుగారిలోనికి పరుగెత్తెను' అని తెనిగించిన నవ్వులపాలగుట నిశ్చయము. మాటకు మాట యర్థము వ్రాసినను వాక్యమునకు మాత్రము అర్థము దక్కలేదు.

కొన్ని తావులందు 'రన్' అనుటయేగాని అచట పరుగెత్తువారెవ్వరునుండరు. క్రికెట్టు ఆటలో ఆటగాండ్రిద్దరు ఒక కొననుండి రెండవ కొనకు మారిన ఒక 'రన్' లభించును. కనుకనే తెలుగువారు దానిని 'పరుగు' అనుచున్నారు. కాని కొట్టిన బంతి నేలను తాకి మైదానపు హద్దును దాటిన, వారు నిలిచినచోటనే నిలిచియున్నను నాలుగు పరుగులు లెక్కకు వచ్చును. ఒక బ్యాంకు నిలువదను భయముతో సొమ్ము దాచుకొన్నవారందరు ఒక్కుమ్మడిగా వచ్చి తమ సొమ్ము నడిగినచో, ఆ బ్యాంకుపై 'రన్' వచ్చినదందురు. ఎన్నికల విషయము మరింత వింతగానుండును. అమెరికాలో అభ్యర్థి 'రన్' చేయును. ఇంగ్లండులో అతడే 'స్టాండ్' అగును, అనగా నిలుచును. తెలుగు దేశమునను అభ్యర్థి ఎన్నికలలో నిలుచుచున్నాడు. ఒకే పనిని ఒక దేశము పరుగుగా చూడగా, మరియొక దేశము నిలుకడగా చూచినది.

ఇన్ని యర్థములు ఒక్కనాడు పుట్టినవి కావు. వేయి యేండ్లకు పూర్వపు ఆంగ్లమున ఈ మాటకు 'రిన్నన్', 'ఇర్నన్' అను రూపములుండెను. ఆ కాలముననే పాదములతో పరుగెత్తుటయు, నీరు పారుటయు దాని యర్థములై యుండెను. ఆంగ్లమునకు సోదరభాషయైన జర్మనులో నేటికిని 'రెన్నెన్' అనగా పరుగెత్తుట. 'రిన్నెన్' అనగా పారుట, కారుట. తెలుగును పరిశీలించినను ఇట్టి విశేషమే కానవచ్చును. 'ఏరు పారుచున్నది', 'దొంగ పారిపోయెను' అను రెండు వాక్యములలోను ఉన్నది 'పారు' అను ధాతువే. ద్రావిడభాషయైన తెలుగునకును, జర్మానిక భాషయైన ఆంగ్లమునకును చుట్టరికము లేదు. అయినను తడబడక ముందునకు సాగు నీటిలోను, పరుగెత్తు మనుష్యునిలోను రెండు జాతులవారును ఒకే పోలికను చూచిరి.

ఆ పోలికయే తక్కిన యర్థములకు మూలము. ఆగక సాగుచుండుట యను భావము మొదట నీటికి, పిదప బాటకు, ఒడంబడికకు, నాటకమునకు వ్యాపించెను. యంత్రములు వచ్చిన పిమ్మట మరమగ్గములు, రైలుబండ్లు, మోటారులు ఈ మాటను తమ పనికి వాడుకొన్నవి. నేడు కంప్యూటరులో ప్రోగ్రాము నడచుటకును ఇదియే మాట. క్రొత్త వస్తువు పుట్టినప్పుడెల్ల క్రొత్త మాటను కల్పించుటకంటె పాత మాటకు క్రొత్త పని నప్పగించుట జనులకు సులభము. కావుననే నిత్యము వాడబడు చిన్న మాటలకే అర్థములెక్కువ. అరుదుగా వినబడు పెద్ద మాటకు సాధారణముగా ఒకటి రెండర్థములకంటె నుండవు.

ఈ యర్థములను లెక్కించినవారి శ్రమ సామాన్యమైనది గాదు. ఆంగ్లమునకు సమగ్రమైన నిఘంటువు కావలెనను ఆలోచన 1857లో లండను నగరపు భాషాశాస్త్ర పరిషత్తునందు మొదలైనది. 1879లో జేమ్స్ మర్రే దాని సంపాదకత్వమును స్వీకరించి, తన తోటలో వేయించిన ఇనుపరేకుల పాకలో పని సాగించెను. ప్రజలు తాము చదివిన గ్రంథములనుండి ఒక్కొక్క మాటను, అది వచ్చిన వాక్యమును, గ్రంథము పేరును, తేదీని చిన్న చీటీలపై వ్రాసి పంపిరి. అట్టి చీటీలు లక్షల కొలది వచ్చి చేరెను. పండితులు వానిని గూళ్ళలో అమర్చి, కాలక్రమమున పేర్చి, అర్థభేదములను విడదీసిరి. తొలి భాగము 1884లో వెలువడెను. చివరి భాగము 1928లో ముగిసెను. మర్రే 1915లోనే కన్నుమూసెను. 'రన్' చేరియున్న అక్షరమును విలియం క్రేగీ అను పండితుడు సంపాదించెను. 1989 నాటి రెండవ కూర్పునందు అన్నిటికంటె ఎక్కువ చోటు నాక్రమించినది 'సెట్' అను మాట. పిదప జరిగిన సంస్కరణమున 'రన్' దానిని మించినది. ఈ నిఘంటుకారులు అర్థములను తమంత కల్పింపలేదు. జనుల వాడుకను గమనించి నమోదు చేసిరి.

ఒక మాటకు పెక్కర్థములుండుట భారతీయులకు క్రొత్త సంగతి గాదు. అమరసింహుడు తన కోశమునందు ఒకే యర్థముగల పదములను వర్గములుగా కూర్చుటయేగాక, పెక్కర్థములుగల పదములకు నానార్థవర్గమును ప్రత్యేకముగా రచించెను. 'హరి' యనగా విష్ణువు, సింహము, కోతి, గుఱ్ఱము, కప్ప. అట్లయిన ఏ యర్థమును గ్రహింపవలెను? దీనికి శాస్త్రకారులు చూపు ఉదాహరణము ప్రసిద్ధమైనది. సింధుదేశమున పుట్టినది సైంధవము. అది ఉప్పునకును పేరు, గుఱ్ఱమునకును పేరు. 'సైంధవము తెమ్ము' అని యజమానుడు భోజనవేళ అడిగిన సేవకుడు ఉప్పు తేవలెను. ప్రయాణమునకు బయలుదేరుచు అడిగిన గుఱ్ఱమును తేవలెను. మాట మారలేదు, సందర్భము మారినది. విస్తరి ముందు గుఱ్ఱమును నిలిపిన సేవకునకు మాట తెలియును గాని భాష తెలియదు.

పర్యాయపదముల విషయమునను ఈ జాగ్రత్త యవసరము. దుకాణమును 'రన్' చేయుట యనుచోట 'మేనేజ్' అనవచ్చును. నది 'రన్' అగుననుచోట 'ఫ్లో' అనవచ్చును. వీనిని తారుమారు చేసిన, దుకాణము పారును. నది లావాదేవీలు చూచుకొనును. పర్యాయపదము మాటకంతటికి చెందదు; ఆ మాట యొక్క ఏదో యొక యర్థమునకు మాత్రమే చెందును.

ఒకే యర్థమునకు చెందిన పర్యాయములలోను భేదము గలదు. కొద్ది దూరమును సర్వశక్తితో పరుగెత్తుట 'స్ప్రింట్'. వ్యాయామమునకై మెల్లగా, నిలుకడగా పరుగెత్తుట 'జాగ్'. గుఱ్ఱము దౌడు తీయుట 'గాలప్'. చిన్నపిల్లలును, ఉడుతలును గబగబ చిన్న అడుగులతో ఉరుకుట 'స్కాంపర్'. ఆపదకు వెఱచి పారిపోవుట 'ఫ్లీ'. యుద్ధమున సైనికుడు పరుగెత్తెననిన, అతడు శత్రువు మీదికి పోయెనో, గాయపడిన మిత్రుని కడకు పోయెనో చెప్పలేము. అతడు పారిపోయెననిన మాత్రము అతని పరువు పోవును. రెండు మాటలును నిఘంటువులో ప్రక్కప్రక్కనే యుండవచ్చును. వ్రాయువాడు అజాగ్రత్తతో ఒకదానికి మారుగా వేరొకదానిని వాడినచో ఒక వీరునికి అపకీర్తి కలుగును.

కావున నిఘంటువును తెరచినపుడు మొదట కనబడిన యర్థముతో తృప్తిపడి దానిని మూయరాదు. పరుగెత్తుచున్నది ఎవరు, లేక ఏది, అని మొదట చూడవలెను. తరువాత ఆ మాటకు వెనుక ఏ మాట చేరినదో గమనింపవలెను. పిదప తోచిన యర్థమును వాక్యమున నిలిపి, వాక్యమంతయు పొసగినదో లేదో చదివి చూడవలెను. బావి 'రన్' అయ్యెనని, వెనుక పొడి యని యర్థమిచ్చు 'డ్రై' యున్నదనుకొందము. బావి పరుగెత్తదు, పొడిగా నుండినది పారదు. కావున బావి యెండిపోయెనని నిఘంటువు చెప్పకమునుపే బుద్ధికి తట్టును.

ఇది ఆంగ్లమునకు మాత్రమే యుపయోగపడు నేర్పు గాదు. తెలుగున 'పట్టు', 'కొట్టు', 'పడు' అను మాటల నెన్ని విధముల వాడుచున్నారో విద్యార్థులు ఒక దినము చెవియొగ్గి విని, విన్న వాక్యములను చీటీలపై వ్రాసికొని, అర్థముల ప్రకారము విడదీసి చూడవచ్చును. మర్రే పాకలో జరిగినదియు ఆ పనియే. చేపను పట్టుటకును, జలుబు పట్టుటకును, పాఠము పట్టుబడుటకును గల భేదము అప్పుడు వారికే గోచరించును.