తాలింఖానా పోయి జిమ్ము వచ్చె... ఆడపిల్లకు చోటేదీ?

సంక్రాంతికి మన పల్లెల్లో సంగిడి ఎత్తే పోటీ పెడితే ఊరు ఊరంతా కదిలి వస్తుంది. రాతి బరువును తలపైకి లేపినవాడి పేరు మళ్ళీ పండగ వచ్చేదాకా చెప్పుకొంటారు. ఆ బలం ఒక్కరోజున వచ్చేది కాదు. వెనుకటి రోజుల్లో దానికి తాలింఖానా ఉండేది. ఒక పాక, మెత్తగా తవ్విన మట్టితో కుస్తీకి గోదా, మూలన సంగిడి రాళ్ళు, గోడకు ఆంజనేయస్వామి పటం. కుర్రాళ్ళు తెల్లవారుజామున దండీలు, బస్కీలు తీసి, కర్రసాము చేసి పొలానికి పోయేవారు.

కోడి రామ్మూర్తినాయుడు ఇటువంటి వాతావరణంలో నుంచి వచ్చినవాడే. 1882లో వీరఘట్టంలో పుట్టి, మద్రాసు సైదాపేటలో శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేశాడు. తరువాత సర్కస్ పెట్టి, ఏనుగును రొమ్ము మీదికి ఎక్కించుకొని దేశాలు తిరిగాడు. ఆయన శాకాహారి. కండతోపాటు ప్రాణాయామాన్నీ నమ్ముకొన్నాడు. 1942లో కన్నుమూశాడు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే ఉన్నది.

ఇప్పుడు పట్నాల్లో జిమ్ములు వెలిశాయి. లోపలికి వెళితే ఒక పక్క నడిచే యంత్రాలు, తొక్కే సైకిళ్ళు. ఇవి గుండెకు, ఊపిరికి. మరో పక్క తాళ్ళు, కప్పీలతో బరువులు లాగే యంత్రాలు. ఇంకో పక్క అద్దం ముందు డంబెల్సు, ఇనుప కడ్డీలు. ఇవి కండకు. చాపలు పరిచిన చోటు నడుము, కీళ్ళు వంచి సాగదీయడానికి. నిజానికి చెరువుగట్టు మీద పరుగు, దండీలు, బస్కీలు, ఆసనాలు కలిపితే అంతా అదే! పెద్దవాళ్ళకు వారానికి 150 నిమిషాలైనా చురుకైన నడకవంటి శ్రమ, రెండు రోజులు కండకు పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కోతకు యంత్రం, సంతకు మోటారు సైకిలు వచ్చాక ఆ మాట పల్లెకూ వర్తిస్తుంది.

అయితే పోటీకి బరువులెత్తేవారికి అద్దాల గది అక్కరలేదు. నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు గల గట్టి వేదిక కావాలి. కడ్డీ బరువు మగవారికి 20 కిలోలు, ఆడవారికి 15 కిలోలు. నేల మీదనుంచి ఒక్క ఊపున తలపైకి తీసుకుపోతే స్నాచ్. ముందు భుజాల మీదికి, అక్కడనుంచి తలపైకి ఎత్తితే క్లీన్ అండ్ జెర్క్. దేనికైనా మూడేసి అవకాశాలే. నడుము వంచి ఎత్తితే వెన్ను పట్టేస్తుంది. అందుకే కొత్తవారికి గురువు మొదట ఖాళీ కడ్డీనే ఇస్తాడు.

ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో కరణం మల్లీశ్వరి ఇలాగే మొదలుపెట్టింది. నీలంశెట్టి అప్పన్న తొలి గురువు. 1994, 1995లలో ప్రపంచ విజేత అయింది. 2000లో సిడ్నీ ఒలింపిక్సులో ఆడవారికి ఈ పోటీ తొలిసారి పెట్టినప్పుడు 69 కిలోల తరగతిలో స్నాచ్‌లో 110, రెండవదానిలో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారత మహిళ ఆమే. బంగారు పతకం వచ్చిన చైనా అమ్మాయి ఎత్తింది 242.5. ఎంత తేడా? రెండున్నర కిలోలు! చివరి అవకాశంలో మన మల్లీశ్వరి 137.5కు తెగించింది గాని బరువు నిలవలేదు.

నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ కూడా బరువులెత్తేవారి ఊరుగా పేరుపొందింది. ఆ ఊరి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్తు క్రీడల్లో 53 కిలోల తరగతిలో మూడవ స్థానంలో నిలిచింది. మొదటి స్థానం పొందిన నైజీరియా అమ్మాయి మందు పరీక్షలో దొరికిపోవడంతో ఈమె కంచు వెండిగా మారింది.

ఇంత జరిగినా "ఆడగుంటకి బరువులేటి?" అనే మాట మన వీధి అరుగుల మీద ఇంకా వినిపిస్తూనే ఉన్నది. బరువులెత్తితే పెరుగుదల ఆగిపోతుందని, పిల్లలు పుట్టరని భయపెట్టేవారూ ఉన్నారు. సరైన గురువు దగ్గర పద్ధతిగా నేర్చుకొంటే ఆ రెండు భయాలకూ ఆధారం లేదు. మల్లీశ్వరి ఒలింపిక్ పతకం గెలిచే నాటికి పెళ్ళయింది. ఆ మరుసటి ఏడాది కొడుకు పుట్టాడు.

పంచాయతీవారు వ్యాయామశాల కట్టదలిస్తే యంత్రాల ధర అడిగేముందు ఆడపిల్లలకు ఏ వేళ కేటాయిస్తారు, దీపం ఉంటుందా, బట్టలు మార్చుకోను తలుపున్న గది ఉంటుందా, నేర్పేవారెవరు అని తల్లిదండ్రులు అడగాలి. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో కూడా ముందే తేల్చుకోవాలి.