81వ పశ్చిమాఫ్రికా డివిజన్: ఒక సైనిక నిర్మాణాన్ని చదవడం

సైనిక దళాల నిర్మాణం గురించి సాహిత్య పత్రికలో రాయడమేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. బియీ బండెలే రాసిన ‘బర్మా బాయ్’ (2007) నవల చదివాక నాకీ అవసరం కలిగింది. రచయిత తండ్రి బర్మా యుద్ధంలో పనిచేసినవాడు. నైజీరియా పల్లెల కుర్రవాళ్లు తమకు ఏ వైరమూ లేని జపాను సైనికులతో, తాము పేరైనా వినని బర్మా అడవుల్లో ఎందుకు పోరాడవలసి వచ్చింది? ఈ ప్రశ్నకు సమాధానం పాత్రల మనస్తత్వంలో దొరకదు. వాళ్లను అక్కడికి చేర్చిన యంత్రాంగంలో వెతకాలి. అలా నేను 81వ పశ్చిమాఫ్రికా డివిజన్ చరిత్రలోకి వెళ్లాను.

దీని మూలం 1897లో లుగార్డ్ కూడగట్టడం మొదలుపెట్టిన పశ్చిమాఫ్రికా సరిహద్దు దళం. ఫ్రెంచివారితో హద్దుల పోటీకీ, స్థానిక రాజ్యాలను లొంగదీయడానికీ బ్రిటన్ దాన్ని వాడుకుంది. 1903లో కానో, సొకొటో నగరాలను పట్టుకున్నది ఈ దళమే. ఆఫ్రికా వారి చేతనే ఆఫ్రికాను జయించడం దాని పని. 1928లో దాని పేరుకు ‘రాయల్’ అనే బిరుదు తగిలించారు. రెండవ ప్రపంచ యుద్ధంలో జపాను బర్మాను ఆక్రమించాక, 1943 మార్చిలో నైజీరియాలో 81వ డివిజన్ ఏర్పడింది. అదే సంవత్సరం 82వది కూడా తయారైంది.

ఇక నిర్మాణం. డివిజన్‌లో మూడు బ్రిగేడ్లు, బ్రిగేడ్‌కు మూడు కాల్బలం బెటాలియన్లు. 3వ బ్రిగేడ్ పూర్తిగా నైజీరియా వారిది, 5వది గోల్డ్‌కోస్ట్ (నేటి ఘనా) వారిది. 6వ బ్రిగేడ్‌లో నైజీరియా, సియర్రా లియోన్, గాంబియా బెటాలియన్లు ఒక్కొక్కటి ఉండేవి. వీటికి తోడు తేలికపాటి ఫిరంగులు, ఇంజనీర్లు, వైద్యదళాలు. ఇంతవరకు ఏ డివిజన్ పట్టికలోనైనా కనబడేదే. దీనిలో ప్రత్యేకమైనది మోతగాళ్ల దళం. దారిలేని కొండల్లో తుపాకిమందు, తిండిగింజలు, ఫిరంగి విడిభాగాలు, గాయపడ్డవాళ్లు, అన్నీ మనుషుల తలల మీదా భుజాల మీదా కదిలాయి. వీరూ సైన్యంలో చేరినవారే. కాని ఎక్కువమంది చేతిలో ఆయుధం లేదు. 82వ డివిజన్ చిహ్నంలో రెండు బల్లేలతోపాటు మోతగాడి చుట్టకుదురును చేర్చారు. అంటే పాలకులకు ఈ శ్రమ విలువ తెలియక కాదు.

పై మెట్లు మాత్రం తెల్లవారివి. అధికారులు బ్రిటిష్‌వారు, సార్జెంట్లలోనూ చాలామంది వారే. అధికారులు చాలకపోతే, దేశం పోగొట్టుకున్న పోలిష్ అధికారులను తెచ్చారుగాని, ఆఫ్రికన్లను పైకి ఎక్కించలేదు. 1942లో అధికారి హోదా పొందిన గోల్డ్‌కోస్ట్ వాసి సేథ్ ఆంథొనీ అరుదైన మినహాయింపు.

1943లో ఈ డివిజన్ భారతదేశం చేరింది. 3వ బ్రిగేడ్‌ను విడదీసి వింగేట్ చిందిట్ దళాలకిచ్చారు. ‘బర్మా బాయ్’ కథ వీరిదే. మిగిలిన రెండు బ్రిగేడ్లు అరకాన్‌లోని కలదాన్ లోయకు వెళ్లాయి. అంతకుముందు 1942లో ఇదే అరకాన్ గుండా, రంగూన్ విడిచిన మనవాళ్లు కాలినడకన చిట్టగాంగు వైపు వచ్చారు. బర్మీయులు ‘కోరంగీలు’ అని పిలిచిన తెలుగు కూలీలు ఆ గుంపుల్లో ఉన్నారు. సైనికులు చిరింగా నుంచి దలెత్‌మె దాకా కొండల మీదుగా సుమారు 75 మైళ్ల జీపు బాట తవ్వారు. దాని అవతల వారికి ఆధారం విమానాలు జారవిడిచే సరుకే. 1944 మార్చిలో జపాను ఎదురుదాడితో వెనక్కు తగ్గవలసి వచ్చింది. వర్షాల తర్వాత మళ్లీ ముందుకు నడిచి, 1945 జనవరిలో మ్యోహాంగ్ పట్టణాన్ని పట్టుకున్నారు.

ఈ డివిజన్ భుజాన ధరించిన గుర్తు సాలెపురుగు. అది గోల్డ్‌కోస్ట్ జానపద కథల్లోని అనాన్సె. బలంలేకున్నా ఉపాయంతో బలవంతుల్ని గెలిచే పాత్ర. ప్రజల కథానాయకుణ్ణి సామ్రాజ్యం తన సైనికుల భుజం మీద కుట్టింది. సాహిత్య విద్యార్థులు ఈ విషయం గమనించాలి. జానపద వాఙ్మయం తనంతట తానే ప్రజల పక్షాన నిలవదు. ఎవరి చేతిలో ఉందన్నది ముఖ్యం.

అయితే సైనికుల్లో ఒకడు తన కథ తానే రాసుకున్నాడు. నైజీరియాకు చెందిన ఐజక్ ఫదొయెబొ పదహారేళ్లకే సైన్యంలో చేరి వైద్యదళంలో పనిచేశాడు. 1944 మార్చిలో కలదాన్ ఒడ్డున గాయపడి మిగిలిపోయాడు. అక్కడి ముస్లిం గ్రామస్థులు, తమ ప్రాణాలకు తెగించి, అతన్నీ సియర్రా లియోన్ సహచరుణ్ణీ నెలల తరబడి దాచి బతికించారు. అతని జ్ఞాపకాలు 1999లోగాని పుస్తకంగా రాలేదు. సేనాపతుల జ్ఞాపకాలకు ఇన్నేళ్లు పట్టలేదు.

తిరిగి వెళ్లినవారికి ఏం దక్కింది? 1948 ఫిబ్రవరి 28న అక్రాలో మాజీ సైనికులు తమ బాకీల కోసం నిరాయుధంగా గవర్నరు భవనం వైపు ఊరేగింపుగా వెళ్లారు. పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు: అజెటె, అట్టిపొ, ఒడార్టె లాంప్టె. నగరం అట్టుడికింది. ఎన్‌క్రుమాను, మరి అయిదుగురు నాయకులను నిర్బంధించారు. తొమ్మిదేళ్లకు, 1957లో, ఘనా స్వతంత్రమైంది.

బర్మా యుద్ధమే స్వాతంత్ర్యం తెచ్చిందని నేననను. కోకో రైతుల కష్టాలూ, ధరల మంటా లేకుండా ఆ కాల్పులు అంత అలజడిగా మారేవి కావు. కాని తన తల మీది బరువుతో సామ్రాజ్యం నిలబడిందని కళ్లారా చూసినవాడు ఊరికి తిరిగొచ్చాక పాత మనిషిగా ఉండలేడు. ఆ మార్పును యుద్ధ నివేదికలు నమోదు చెయ్యవు. మోతగాళ్లలో రాయడం వచ్చినవాళ్లు తక్కువ, వాళ్లను అడిగి రాసుకున్నవాళ్లు ఇంకా తక్కువ. మన దగ్గర కూడా బర్మా నుంచి నడిచి వచ్చినవారి పిల్లలూ, మనుమలూ ఇంకా ఉన్నారు. వాళ్లను అడగవలసిన పని మనకే మిగిలి ఉంది.